తుప్పుతో పట్టుకుపోయిన బ్రేక్ డిస్కు: విడదీసే పద్ధతులపై ఒక సమీక్ష

చక్రాన్ని విప్పి, క్యాలిపర్‌ను, అంటే ప్యాడ్లను డిస్కుకు రెండు వైపుల నుంచీ అదిమిపట్టే భాగాన్ని, దాని బ్రాకెట్‌తో సహా పక్కకు తప్పించాక బ్రేక్ డిస్కు చేత్తో లాగితే ఊడి వచ్చేలాగే నేటి కార్లలో ఎక్కువ వాటిని తయారు చేస్తున్నారు. అయినా కొన్నేళ్ళు తిరిగిన బండిలో, అందులోనూ సముద్రపు గాలి సోకే ఊళ్ళలోనో, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాలలోనో తిరిగిన బండిలో, ఆ డిస్కు తుప్పుతో హబ్‌కు అతుక్కుపోయి గంటలో ముగియవలసిన పనిని పూట పనిగా మార్చడం మెకానిక్కులందరికీ తెలిసిన సంగతే. దీనికి విరుగుడుగా నూనె పట్టించడం, సుత్తితో కొట్టడం, బోల్టులతో నెట్టడం, వేడి చేయడం, పుల్లర్‌తో లాగడం, చివరికి గ్రైండర్‌తో కోసి తీయడం అనే ఆరు దారులు వాడుకలో ఉన్నాయి. ఒక్కొక్కదానికి గట్టి సమర్థకులూ ఉన్నారు, అంతే గట్టి విమర్శకులూ ఉన్నారు. ఈ భేదాభిప్రాయాలు చాలావరకు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోకపోవడం వల్ల పుట్టినవి. ప్రయోగించిన బలం ఏయే భాగాల గుండా పోయి ఎక్కడ ముగుస్తుందన్నది మొదటి ప్రశ్న. పని పూర్తయ్యాక ఏ భాగం చెక్కుచెదరకుండా మిగలాలన్నది రెండోది. ఈ రెండింటితో తూచి చూస్తే పద్ధతుల మధ్య తగవు చాలావరకు తీరుతుందని, వాటి వరుసక్రమం కూడా తేలుతుందని చూపడమే ఈ సమీక్ష ఉద్దేశం.

డిస్కు కూర్చునే తీరు

డిస్కు బ్రేకుకు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందినా, అది లోకం దృష్టికి రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ సి-టైప్ కారు గెలవడం, 1955లో సిట్రోయెన్ డిఎస్ ముందు చక్రాలకు డిస్కులతో అమ్మకానికి రావడం ఆ మార్పుకు మైలురాళ్ళు. అప్పటి నుంచి ఎన్ని హంగులు చేరినా డిస్కు లోహం మాత్రం ప్రధానంగా బూడిదరంగు పోత ఇనుముగానే నిలిచింది. సుమారు 3 నుంచి 4 శాతం ఉండే కర్బనం ఆ ఇనుములో గ్రాఫైట్ రేకుల రూపంలో పరుచుకుని ఉండడం వల్ల అది వేడిని త్వరగా పంచుతుంది, కంపనాన్ని తనలోనే అణచుకుంటుంది, పైగా చవక. అవే రేకులు దానికి పెళుసుతనాన్ని కూడా ఇస్తాయి: నొక్కుడును ఎంతో తట్టుకునే పోత ఇనుము లాగుడుకు, దెబ్బకు సాగకుండా చటుక్కున విరుగుతుంది. పూత లేని చోట అది ఒక్క వాన రాత్రిలోనే ఎర్రబారుతుంది. ప్యాడ్లు రాసుకునే ముఖం మీది తుప్పు నాలుగు బ్రేకులు వేయగానే చెరిగిపోతుంది కాని, ఆ రాపిడి తగలని చోట్ల అది పొర మీద పొరగా పేరుకుంటుంది.

పట్టు ఎక్కడ బిగుస్తుందో తెలియాలంటే అమరిక తెలియాలి. డిస్కు నడిమి భాగం బోర్లించిన టోపీలా పైకి లేచి ఉంటుంది కనుక దాన్ని టోపీ అనే అంటారు. ఆ టోపీ వెళ్ళి హబ్ మీద, అంటే బేరింగు మీద తిరుగుతూ చక్రాన్ని మోసే ఉక్కు భాగం మీద కూర్చుంటుంది. హబ్‌కు రెండు ఆనుడు తలాలు ఉన్నాయి: చక్రపు స్టడ్లు గుచ్చి ఉండే బల్లపరుపు ఫ్లాంజ్ ఒకటి, దాని మధ్య నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన గుండ్రని మెట్టు రెండోది. డిస్కు మధ్య రంధ్రం ఆ మెట్టు చుట్టూ ఇమిడి డిస్కును సరిగ్గా నడిమికి చేరుస్తుంది. ఆ రెంటి మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. బ్రేకు వేసినప్పుడు పుట్టే మెలితిప్పే బలాన్ని మోసేది వీల్ నట్ల బిగింపు వల్ల ఫ్లాంజ్ మీద కలిగే ఒరిపిడే తప్ప టోపీ మీద కనిపించే చిన్న స్క్రూ కాదు. ఆ స్క్రూ ఫ్యాక్టరీలో చక్రం ఎక్కించే దాకా డిస్కు జారిపోకుండా పట్టుకోవడానికి పెట్టినది.

ఈ అమరికకు మినహాయింపులు ఉన్నాయి, వాటిని ముందే గుర్తించకపోతే శ్రమ వృథా అవుతుంది. పాత తరం వెనుక చక్రాల నడక బండ్లలో కొన్నింటికి డిస్కూ హబ్బూ ఒకే పోతగా ఉండి, బేరింగు నట్టు విప్పితేనే ఊడి వస్తాయి; 1990ల నాటి కొన్ని జపాన్ కార్లలో డిస్కు హబ్‌కు వెనుక వైపు నుంచి బిగించి ఉంటుంది; కొన్ని ఫ్రెంచి కార్ల వెనుక డిస్కులలో బేరింగు డిస్కు కడుపులోనే ఉంటుంది. మోటారు సైకిళ్ళలో డిస్కును అలెన్ బోల్టులతో హబ్‌కు బిగిస్తారు కనుక అక్కడ మొండికేసేది డిస్కు కన్నా ఆ బోల్టుల మరలకు పూసిన జిగురే. ఇక్కడి చర్చ హబ్ మీద పై నుంచి తొడిగే సాధారణ కారు డిస్కుకు పరిమితం.

తుప్పు బిగించే విధానం

ఇనుము ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం తుప్పు రకాన్ని బట్టి రెండు నుంచి ఆరు రెట్ల వరకు పెరుగుతుంది. బయలు ప్రదేశంలో ఈ పెరుగుదల పెచ్చులుగా ఊడిపోతుంది; మెట్టుకూ రంధ్రానికీ మధ్యనున్న సన్నని సందులో దానికి పోయే దారి లేదు కనుక రెండు లోహాలనూ ఎదురెదురుగా అదుముతూ మేకులా బిగుస్తుంది. అలా బిగిసే సందులలోనే తుప్పు త్వరగా పెరగడానికి ఇంకొక కారణం ఉంది. సందు లోపలి నీటిలో ఆక్సిజన్ తరిగిపోయి, సందు నోటి దగ్గర దండిగా ఉండడం వల్ల ఆ రెండు చోట్ల మధ్య చిన్న విద్యుత్ ఘటం లాంటిది ఏర్పడి లోపలి లోహం కరుగుతూ పోతుంది. దీన్ని లోహశాస్త్రంలో సందు తుప్పు అంటారు. ఊడదీసిన పాత హబ్‌ను దగ్గరగా చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది: ఫ్లాంజ్ మీద పలచని ఎర్రని పొడి మాత్రమే ఉంటే, మెట్టు మొదట్లో, అది ఫ్లాంజ్‌తో కలిసే మూలలో, గోరుతో గీరినా రాలని నల్లని గట్టి ఉంగరం ఒకటి ఉంటుంది. డిస్కును నిజంగా పట్టి ఉంచేది చాలాసార్లు ఆ ఉంగరమే.

ఉప్పు ఈ ప్రక్రియను రెండు విధాల తొందరపెడుతుంది. దానిలోని క్లోరైడ్ లోహం మీది రక్షణ పొరను ఛేదిస్తుంది, దాని తేమ పీల్చే గుణం లోహాన్ని ఎప్పుడూ తడిగా ఉంచుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరై కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమే చాలు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో వాన లేని నెలల్లో కూడా బండి కింది భాగం తుప్పు పట్టడానికి కారణం ఇదే. అమెరికాలో రోడ్ల మీద ఉప్పు చల్లడాన్ని రాష్ట్రవ్యాప్త విధానంగా మొదట చేపట్టింది న్యూహాంప్‌షైర్, 1941-42 చలికాలంలో. ఆ అలవాటు విస్తరించిన ఈశాన్య రాష్ట్రాలలోనూ మహా సరస్సుల చుట్టుపక్కలా, షికాగో, డెట్రాయిట్ వంటి తెలుగువారు కూడా గణనీయంగా స్థిరపడిన నగరాలలో, పాత కారు డిస్కు చేతికి ఊడి రావడమే అరుదు. తీరానికి దూరంగా ఉన్న ఊళ్ళకు కూడా వరద ఈ సమస్యను తెచ్చిపెట్టగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచినప్పుడు కార్లు, బైకులు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి; అలా మునిగి తేలి, ఆపై కదలకుండా నిలిచిపోయిన బండిలో సందుల్లో చేరిన బురద తడి ఆరకుండా చేస్తుంది కనుక తుప్పుకు అంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

బలం వాడక ముందు

పట్టు తుప్పుదేనని నిర్ధారించుకోకుండా సుత్తి ఎత్తడం ఈ పనిలో అతి సాధారణమైన పొరపాటు. డిస్కును తుప్పు కాక మరో మూడు పట్టి ఉంచవచ్చు. మొదటిది, పైన చెప్పిన స్క్రూ. తుప్పుతో బిగిసిన దాని తలను చేతి స్క్రూడ్రైవర్‌తో తిప్పబోతే గాడి చెడిపోతుంది. దెబ్బ వేసినప్పుడల్లా ఆ దెబ్బను కొంత మెలికగా మార్చే ఇంపాక్ట్ డ్రైవర్ ఇక్కడ తగిన సాధనం, ఎందుకంటే అది గాడిలోకి నొక్కుతూనే తిప్పుతుంది. అప్పటికే గాడి చెడిపోయిన స్క్రూ తలను డ్రిల్లుతో తొలిచివేయవచ్చు. డిస్కు ఊడాక బయటపడే మొండెం చాలాసార్లు పట్టుకారుకే తిరిగి వస్తుంది. రెండోది, స్టడ్లకు ఫ్యాక్టరీలో తొడిగిన పలుచని రేకు బిళ్ళలు; వీటిని కత్తిరించి పారేస్తే నష్టం లేదు. మూడోది వెనుక చక్రాలకు సంబంధించినది. కొన్ని కార్లలో వెనుక డిస్కు టోపీ లోపలే హ్యాండ్‌బ్రేకు కోసం చిన్న డ్రమ్ము, అందులో షూలు ఉంటాయి. డ్రమ్ము అరిగి అంచున గట్టు ఏర్పడితే షూలు ఆ గట్టుకు తట్టుకుని డిస్కును బయటకు రానివ్వవు. ఈ స్థితిలో ఎంత కొట్టినా షూల స్ప్రింగులు, పిన్నులు తెగుతాయి గాని డిస్కు రాదు. హ్యాండ్‌బ్రేకు వదిలి, టోపీలోనో వెనుక పళ్ళెంలోనో ఉండే రంధ్రం గుండా సర్దుబాటు పళ్ళచక్రాన్ని తిప్పి షూలను ముడవడమే మార్గం. డిస్కు కొద్దిగా కదిలి, ఊగుతూ, అయినా రాకపోతే అడ్డం షూలదని, బండరాయిలా అసలే కదలకపోతే పట్టు తుప్పుదని స్థూలంగా గుర్తించవచ్చు.

భద్రత విషయంలో భిన్నాభిప్రాయాలకు తావు లేదు. సుత్తి దెబ్బలు తినే బండిని జాకీ ఒక్కదాని మీద నిలబెట్టకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టాలి. క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయక తీగతో పైన కట్టాలి. పోత ఇనుము ముక్కలు ఎగిరిపడతాయి కనుక కళ్ళద్దాలు తప్పనిసరి. పాత ప్యాడ్ల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక దాన్ని గాలి గొట్టంతో ఊదకుండా తడిపి తుడవాలి. అమెరికా క్రిసోటైల్ ఆస్బెస్టాస్ నిషేధాన్ని ఖరారు చేసినదే 2024లో. భారతదేశంలో దాని వాడకంపై ఇప్పటికీ సంపూర్ణ నిషేధం లేదు. ఏ పద్ధతిని వాడినా ఒకటి రెండు వీల్ నట్లను స్టడ్లకు నాలుగు మరల మేర ఎక్కించి ఉంచితే, డిస్కు హఠాత్తుగా వదిలినప్పుడు కాళ్ళ మీద పడదు.

నూనె

తుప్పు సందుల్లోకి చొరబడేంత పలుచగా ఉండే నూనెలతోనే అందరూ పని మొదలుపెడతారు. అమెరికాలోని శాన్ డియేగోలో 1953లో నీటిని తరిమే ద్రవంగా పుట్టిన డబ్ల్యుడి-40 అన్ని చోట్లా దొరుకుతుంది. అచ్చంగా చొచ్చుకుపోవడం కోసమే చేసిన స్ప్రేలు వేరే ఉన్నాయి. మన షెడ్లలో ఇప్పటికీ కిరసనాయిలో డీజిలో పనికి వస్తుంది. నూనె తుప్పును కరిగించదు. తుప్పు పొరల మధ్య జారుడును కలిగిస్తుంది, అంతే. దాని ఫలితం ఏ డబ్బాలోని నూనె అన్నదాని కన్నా రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది: మెట్టు చుట్టూ, స్టడ్ల మొదట్లో, స్క్రూ రంధ్రంలో సరిగ్గా పట్టించడం, దానికి కొన్ని గంటలు గానీ రాత్రంతా గానీ గడువు ఇవ్వడం. మధ్య మధ్య చిన్న దెబ్బలు వేస్తే తుప్పులో పగుళ్ళు ఏర్పడి నూనె ఇంకా లోతుకు దిగుతుంది. నూనె బలాన్ని ప్రయోగించదు కనుక మొదటి ప్రశ్న దానికి వర్తించదు. ఒక్క హెచ్చరిక చాలు. డిస్కు ముఖం మీద పడిన నూనె ప్యాడ్లకు అంటితే బ్రేకు పట్టదు కనుక, మళ్ళీ వాడే డిస్కును బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా కడగాలి. క్లోరిన్ గల క్లీనర్ ఆవిరికి మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది కనుక నూనె, క్లీనర్, గ్యాస్ మంట ఈ మూడింటినీ ఒకే పూట కలపడం ప్రమాదకరం.

సుత్తి

సుత్తి మీద చర్చ ఎక్కువగా ఎంత బరువున్నది వాడాలన్న చుట్టూ తిరుగుతుంది. చూడవలసింది ఎక్కడ కొట్టాలన్నది. టోపీ ముఖం మీద స్టడ్ల నడుమ వేసే దెబ్బ డిస్కును బయటకు నెట్టదు, పైగా లోపలికే నెడుతుంది. దాని ప్రయోజనం పెళుసైన తుప్పు ఉంగరాన్ని అదిరించి పగలగొట్టడం. డిస్కు అంచును వెనుక నుంచి కొట్టే దెబ్బ బయటకు నెడుతుంది, అంచు మధ్య రంధ్రానికి దూరంగా ఉండడం వల్ల దానికి మీటబలం కూడా తోడవుతుంది. ఒకే చోట కొడితే డిస్కు ఏటవాలుగా ఒరిగి మెట్టు మీద మరింత బిగుస్తుంది కనుక, ప్రతి దెబ్బకూ డిస్కును తిప్పుతూ ఎదురెదురు చోట్ల కొట్టాలన్నది అనుభవజ్ఞులందరూ ఒప్పుకున్న నియమం.

అభ్యంతరమంతా ఆ దెబ్బ ముగిసే చోటు గురించి. సుత్తి ఆనేది డిస్కు మీద. డిస్కు హబ్‌ను లాగుతుంది. హబ్ బేరింగు గుండ్ల మీద ఆనుతుంది. ఆ గుండ్లు వెలుపలి వలయం ద్వారా బండికి ఆనుతాయి. అంటే ప్రతి దెబ్బలో ఒక వాటా బేరింగు గుండానే పోతుంది. గుండ్లు, వాటి దారి చాలా గట్టి ఉక్కుతో చేసినవే అయినా, అవి తాకే చోటు అతి చిన్నది కనుక క్షణికమైన పెద్ద బలం గుండ్ల దారిలో కంటికి కనపడని గుంటలు వేయగలదు. కాఠిన్యాన్ని కొలిచే పరీక్షను 1900లో వెలువరించిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరనే ఈ నష్టానికి బ్రినెల్లింగ్ అని పేరు. ఆ నష్టం ఆ రోజు తెలియదు. కొన్ని వారాల తరువాత వేగంతో పాటు పెరిగే గుర్రుమనే మోతగా బయటపడుతుంది, అప్పటికి దానికీ సుత్తికీ ఉన్న సంబంధం ఎవరికీ గుర్తుండదు. ఇప్పటి కార్లలో బేరింగు, హబ్, యాంటీలాక్ బ్రేకుకు వేగాన్ని తెలిపే అయస్కాంతపు పట్టీ అన్నీ కలిసి ఒకే యూనిట్‌గా వస్తున్నాయి. భారతదేశంలో 2019 నుంచి కొత్త కార్లకు యాంటీలాక్ బ్రేకులు తప్పనిసరి కావడంతో, ఒక గుంట పడితే మార్చవలసింది ఆ యూనిట్ మొత్తం. అందువల్ల సుత్తి సరైన స్థానం రెండు సందర్భాలకే పరిమితం: నూనె దిగడానికి టోపీ మీద వేసే చిన్న దెబ్బలకు, డిస్కుతో పాటు బేరింగును కూడా మార్చబోతున్నప్పటి భారీ దెబ్బలకు.

బోల్టులు

అన్ని పద్ధతులలోకీ ఎక్కువ వివరంగా చూడదగినది ఇది. చాలా జపాన్ కార్ల డిస్కులలో, వాటి దారిలోనే నడిచే మన మారుతి సుజుకీ కార్ల డిస్కులలో, టోపీ మీద ఎదురెదురుగా రెండు మరల రంధ్రాలు ఉంటాయి. సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టు వాటికి సరిపోతుంది. వాటిలో ఏదీ బిగించి ఉండదు కనుక చాలామంది వాటిని స్క్రూలు పోయిన రంధ్రాలుగా భావిస్తారు. నిజానికి అవి డిస్కును ఊడదీయడానికే పెట్టినవి: వాటిలో బోల్టు బిగిస్తూ పోతే దాని కొన వెళ్ళి హబ్ ఫ్లాంజ్‌కు తగిలి, అక్కడి నుంచి డిస్కును బయటకు నెడుతుంది.

మర చేసే పని ఎంతటిదో లెక్క కడితే తెలుస్తుంది. సాధారణ ఒరిపిడి ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టును 20 న్యూటన్ మీటర్ల బలంతో, అంటే చిన్న పానాతో చేయి నొప్పి పుట్టకుండా తిప్పగలిగినంత బలంతో, బిగిస్తే అది సుమారు 12,500 న్యూటన్ల నెట్టుడును, అంటే ఒకటింపావు టన్ను బరువుకు సమానమైన ఒత్తిడిని ఇస్తుంది. రెండు బోల్టులు కలిస్తే రెండున్నర టన్నులు. ఇంతకన్నా ముఖ్యమైనది ఆ బలం దారి. బోల్టు ఒక చివర డిస్కు మరలలో, మరో చివర హబ్ ఫ్లాంజ్ మీద ఆనుతుంది. బలమంతా డిస్కుకూ హబ్‌కూ మధ్యనే పుట్టి అక్కడే ముగుస్తుంది, బేరింగుకు దాని సంగతే తెలియదు. విడదీయవలసిన రెండు భాగాలకు మాత్రమే బలం అందించే పద్ధతులలో ఇంత సులువైనది మరొకటి లేదు.

దీని పరిమితులు కూడా స్పష్టమైనవే. మరలు తుప్పుతో మూసుకుపోయి ఉంటే ముందు మరలు కోసే ట్యాప్‌తో శుభ్రం చేసి నూనె పట్టించాలి. పోత ఇనుప మరలు ఉక్కు బోల్టు కన్నా మెత్తనివి కనుక వంకరగా ఎక్కిస్తే చెడిపోతాయి. ఒక బోల్టునే చివరిదాకా బిగిస్తే డిస్కు ఒరిగి మెట్టు మీద ఇరుక్కుంటుంది. అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు చొప్పున మార్చి మార్చి తిప్పుతూ, బాగా బిగిశాక కొంతసేపు ఆగి, టోపీ మీద ఒకటి రెండు చిన్న దెబ్బలు వేస్తే, నిలకడగా ఉన్న ఒత్తిడి కింద తుప్పు ఉంగరం టప్పున పగిలి డిస్కు ఒక్కసారిగా వదులుతుంది. అప్పటికీ రాకపోతే బోల్టును ఇంకా బిగించడం తప్పు. టోపీ పగిలే చోటు అదే. మళ్ళీ నూనె పట్టించి గడువు ఇవ్వాలి.

రంధ్రాలు లేని డిస్కుకు మరో ఉపాయం ఉంది. క్యాలిపర్ బ్రాకెట్‌ను బిగించే రంధ్రం గుండా పొడవైన బోల్టును దూర్చి, నట్టు, వాషర్లు వేసి, దాని కొన డిస్కు అంచు వెనుక భాగాన్ని నెట్టేలా అమర్చి బిగిస్తారు. కొంత బిగించి, వదులు చేసి, డిస్కును తిప్పి, మరో చోట మళ్ళీ బిగిస్తారు. ఎంతో మొండి డిస్కులను కూడా ఈ పద్ధతి వదిలించగలదు. కాని ఇక్కడ బోల్టు ఆనేది బండికి స్థిరంగా ఉన్న భాగం మీద, నెట్టేది డిస్కును కనుక, ఈ బలం బేరింగు గుండానే పోతుంది. సుత్తితో పోలిస్తే తేడా ఏమిటంటే ఇది నెమ్మదిగా పెరిగే నిలకడైన బలం. మలుపుల్లో పక్క బరువును మోయడానికే పుట్టిన బేరింగు దాన్ని క్షణికమైన దెబ్బ కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. అందుకే సుత్తికీ మరల రంధ్రాలకూ నడుమ దీని స్థానం.

వేడి, పుల్లర్, కోత

ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్లో బయటిదాన్ని వేడినీళ్ళలో ముంచి విడదీసే వంటింటి కిటుకే ఇక్కడా పనిచేస్తుంది. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి తన కొలతలో పది లక్షల వంతుల్లో సుమారు 11 వంతులు పెరుగుతుంది. మధ్య రంధ్రం 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉండి, టోపీని హబ్ కన్నా 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేయగలిగితే రంధ్రం సుమారు 0.13 మిల్లీమీటరు వెడల్పవుతుంది. మొదట ఉన్న సందు కూడా దాదాపు అంతే కనుక ఈ పెరుగుదల చిన్నదేమీ కాదు. లెక్కలోని మెలిక అంతా 'హబ్ కన్నా' అన్న మాటలో ఉంది: తీరుబడిగా వేడి చేస్తే హబ్ కూడా వేడెక్కి తానూ వ్యాకోచిస్తుంది, లాభం చెరిగిపోతుంది. అందుకే టోపీ చుట్టూ మంటను వేగంగా తిప్పి వెంటనే లాగాలి. వేడి చేసి చల్లార్చడం వల్ల తుప్పు పొర పగలడం, ఆ పగుళ్ళలోకి తరువాత నూనె దిగడం అదనపు లాభం.

నష్టాలు ఆ పక్కనే కాచుకుని ఉంటాయి. బేరింగు రబ్బరు సీళ్ళు సాధారణంగా 100 నుంచి 120 డిగ్రీలకు మించి తట్టుకోలేవు. మామూలు లిథియం గ్రీజు 190 డిగ్రీల దరిదాపుల్లో కరిగి జారిపోతుంది. వేగాన్ని గుర్తించే సెన్సారు, బాల్ జాయింటు రబ్బరు తొడుగు, బ్రేకు గొట్టం అన్నీ మంటకు జానెడు దూరంలోనే ఉంటాయి. యాంత్రిక బలం లాగే వేడికి కూడా దారి ఉంది, ఆ దారి కూడా బేరింగుకే చేరుతుంది. అందువల్ల హబ్ యూనిట్‌ను ఉంచదలచుకున్నప్పుడు వేడిని ఆఖరు మాటగానే చూడాలి.

మూడు కాళ్ళ పుల్లర్ డిస్కు అంచును వెనుక నుంచి పట్టి, నడిమి స్క్రూను ఇరుసు కొనకు ఆనించి లాగుతుంది. ఇరుసు నట్టు బిగించే ఉంటుంది కనుక బలం ఇరుసు, నట్టు, హబ్, డిస్కుల మధ్యే చుట్టి వస్తుంది, బేరింగుకు భారం పడదు. ఈ గుణంలో అది మరల రంధ్రాల పద్ధతికి దగ్గర బంధువు. దాని బలహీనత అంచును పట్టడంలో ఉంది: అంచును లాగితే డిస్కు వంగబోతుంది, వంగలేని పోత ఇనుము విరుగుతుంది. ఇరుసు కొన మరలు నలగకుండా మధ్యలో మెత్తటి లోహపు బిళ్ళ పెట్టాలి.

కోత అన్నింటికీ చివరిది. యాంగిల్ గ్రైండర్‌తో అంచు నుంచి టోపీ మీదుగా మధ్య రంధ్రం దాకా, హబ్‌కు తగలకుండా కొద్దిగా మిగిల్చి కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి కొడితే మిగిలిన సన్నని అంచు చిట్లి డిస్కు తెరుచుకుంటుంది. డిస్కు ఎటూ పారేసేదే అయినప్పుడు, హబ్‌కు పెద్ద బలమేదీ ఇవ్వని ఈ పద్ధతి భారీ సుత్తి కన్నా నిజంగా సున్నితమైనది. నిప్పురవ్వలు, దుమ్ము, జారిన గ్రైండర్ చక్రం హబ్ మెట్టుకు గాటు పెట్టే ప్రమాదం దీనికి చెల్లించే మూల్యం.

ఏది మిగలాలి

అమెరికా షెడ్డులో సుత్తికీ, విజయవాడ ఆటోనగర్‌లో బోల్టుకూ, పుల్లర్‌కూ మొగ్గు కనిపించడం కేవలం అలవాటు వల్ల కాదు. పనివాడి గంట ఖరీదు ఎక్కువ, డిస్కు ఖరీదు తక్కువ అయిన చోట డిస్కును పగలగొట్టి కొత్తది వేయడమే లెక్కకు తూగుతుంది. డిస్కును లేత్ మీద పట్టించి ముఖం చదును చేసి మళ్ళీ వాడే మన పద్ధతిలో డిస్కును దెబ్బ తీయడమంటే అలా మళ్ళీ వాడితే మిగిలే ఆదాను పోగొట్టుకోవడమే. అయితే లేత్‌కు కూడా హద్దు ఉంది: డిస్కు అంచున కనిష్ఠ మందం పోత అక్షరాల్లోనో చెక్కిన అంకెల్లోనో ఉంటుంది, దానికన్నా సన్నబడ్డ డిస్కును ఎంత భద్రంగా ఊడదీసినా అది పాత ఇనుమే. కనుక మొదట మందం కొలిచి, డిస్కు మిగలాలా వద్దా అని తేల్చుకున్నాకే పద్ధతిని ఎంచాలి.

రెండు సందర్భాలలోనూ చెక్కుచెదరకుండా మిగలవలసింది మాత్రం ఒకటే: హబ్, దానితోనే ఉన్న బేరింగు. పద్ధతుల వరుస కూడా అక్కడి నుంచే తేలుతుంది. నూనె, గడువు, మరల రంధ్రాలు, అవి లేకపోతే పుల్లర్, అదీ కుదరకపోతే బ్రాకెట్ రంధ్రం గుండా బోల్టు, డిస్కు పారేసేదైతే కోత, హబ్ కూడా మార్చేదైతే వేడి, భారీ సుత్తి. ప్రచారంలో ఉన్న సలహాలు చాలావరకు ఈ వరుసను తలకిందులు చేసి సుత్తితో మొదలవుతాయి.

ఊడిన తరువాత

డిస్కు చేతికి వచ్చాక పని అయిపోయినట్టు భావించి కొత్తదాన్ని తుప్పు మీదే తొడగడం రెండో తప్పు. హబ్ ఫ్లాంజ్ మీద ఒక పక్క మిగిలిపోయిన పొర మందం 0.05 మిల్లీమీటరు అనుకుంటే, ఫ్లాంజ్ అంచు కేంద్రానికి 70 మిల్లీమీటర్ల దూరంలోనూ డిస్కు అంచు 130 మిల్లీమీటర్ల దూరంలోనూ ఉన్నందువల్ల ఆ తేడా డిస్కు అంచు దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. తిరిగేటప్పుడు డిస్కు ముఖం అటూ ఇటూ కదిలే ఈ పక్క ఊపుకు చాలా కార్లకు తయారీదారులు పెట్టిన హద్దు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మధ్యనే ఉంటుంది. ఊపు వెంటనే తెలియకపోవచ్చు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ప్యాడ్లు డిస్కును అక్కడక్కడా తాకి, మందంలో మైక్రాన్ల తేడాలు పుట్టించి, బ్రేకు వేసినప్పుడు పెడల్‌లోనూ స్టీరింగ్‌లోనూ వణుకుగా బయటపడుతుంది. అప్పుడు నింద కొత్త డిస్కు మీద పడుతుంది.

కాబట్టి ఫ్లాంజ్‌ను, స్టడ్ల చుట్టూ, ముఖ్యంగా మెట్టు మొదటి మూలలోని నల్లని ఉంగరాన్ని వైరు బ్రష్షుతోనూ ఎమెరీ కాగితంతోనూ లోహం మెరిసే దాకా శుభ్రం చేయాలి. డిస్కును అన్ని నట్లతో వాషర్లు వేసి బిగించి డయల్ గేజ్‌తో ఊపు కొలవాలి. హద్దు దాటితే డిస్కును ఒక స్టడ్ దూరం తిప్పి మళ్ళీ కొలవాలి. మెట్టు మీద తుప్పు నిరోధక గ్రీజు పూయడంపై తయారీదారుల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. చక్రపు బిగింపు ఒరిపిడి మీద ఆధారపడే ఫ్లాంజ్ మీద గ్రీజు వద్దని కొందరంటే, మెట్టు మీద మాత్రం అతి పలుచని పూత మేలని మరికొందరంటారు. ఫ్లాంజ్ పొడిగా ఉంచి, మెట్టు మీద వేలితో తుడిచినంత పూత వేయడం రెండు వాదాలకూ సరిపడే మధ్యేమార్గం.

పూతలు, విద్యుత్ కార్లు

సమస్య మూలాన్నే తగ్గించే ప్రయత్నాలు సాగుతున్నాయి. టోపీకీ అంచులకూ జింకు రేకుల పూత వేసిన డిస్కులు ఇప్పుడు మామూలయ్యాయి. జనరల్ మోటార్స్ తన కార్లలో కొన్నింటికి డిస్కును సుమారు 560 డిగ్రీల కొలిమిలో ఉంచి నత్రజనిని, కర్బనాన్ని పైపొరలోకి ఎక్కించి, 10 మైక్రాన్ల మందాన తుప్పును అడ్డుకునే గట్టి పొరను ఏర్పరుస్తోంది. మరో వైపు విద్యుత్ కార్లు సమస్యను పెంచుతున్నాయి: వేగం తగ్గించే పనిని ఎక్కువగా మోటారే చేసి బ్యాటరీని నింపుతుంది కనుక ప్యాడ్లు డిస్కును తాకడమే తక్కువ, తుడుచుకుపోవలసిన తుప్పు అలాగే నిలుస్తుంది. ఫోక్స్‌వాగన్ తన ఐడి.3, ఐడి.4 కార్ల వెనుక చక్రాలకు మూతపడిన డ్రమ్ము బ్రేకులనే మళ్ళీ ఎంచుకోవడానికి ఇదొక కారణం.

ఎన్ని పూతలు వచ్చినా హబ్ మెట్టుకూ డిస్కు రంధ్రానికీ మధ్య ఆ సన్నని సందు ఉన్నంత కాలం తుప్పుకు చోటు ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి అన్నింటికన్నా చవకైన సమయం డిస్కును ఊడదీసే రోజు కాదు, తొడిగే రోజు. పది నిమిషాలు వెచ్చించి హబ్‌ను మెరిసే దాకా తోమిన మెకానిక్కుకు, అయిదేళ్ళ తరువాత అదే బండి వస్తే, రెండు చిన్న బోల్టులూ ఒక పానా చాలు. తీర జిల్లాలలో ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కును ఒకసారి ఊడదీసి శుభ్రం చేసి తొడగడాన్ని సర్వీసులో భాగం చేస్తే, ఈ సమీక్షలోని వరుసలో మొదటి రెండు మెట్లు దాటవలసిన అవసరం చాలా బండ్లకు రాదు.